పాత లారీలో కొత్త రేడియో.. ముందు చూడాల్సింది వోల్టేజీ

నిజామాబాద్‌, బోధన్‌: చక్కెర కర్మాగారం గేటు బయట చెరుకు లోడుతో గంటల తరబడి వేచి ఉండే లారీ డ్రైవరుకు క్యాబిన్‌లోని రేడియోయే తోడు. 2015 డిసెంబరులో బోధన్‌ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్‌కు లేఆఫ్‌ ప్రకటించిన తరువాత ఇక్కడి చెరుకు లారీల వరుసలు కనుమరుగయ్యాయి. అయినా ధాన్యం, పసుపు మోసే పాత బండ్లలో రేడియోకు ఆదరణ తగ్గలేదు. పాత సెట్టు మూగబోతే కార్లలో వాడే కొత్త సెట్టు కొని బిగించుకోవడం సాధారణమైంది. ఈ పనిలో జరిగే ఒక పొరపాటు రేడియో ధరను మించి నష్టం తెస్తోంది. అదే వోల్టేజీ విషయంలో అశ్రద్ధ.

ఒక్క బ్యాటరీ నుంచి తీయరాదు

కారు సెట్లు 12 వోల్టులతో పనిచేస్తాయి. భారీ లారీల్లో అధికభాగం 24 వోల్టులవి. రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలపడం వల్ల ఈ విద్యుత్తు లభిస్తుంది. కొత్త సెట్టును నేరుగా 24 వోల్టులకు కలిపితే అది కాలిపోతుంది. అందుకని కొందరు ఒక బ్యాటరీ నుంచే తీగ లాగుతారు. పాట వినిపిస్తుంది కానీ ఆ బ్యాటరీ రెండోదానికంటే ఎక్కువగా ఖర్చవుతుంది. ఆల్టర్నేటర్‌ రెండింటినీ కలిపి ఒకటిగానే చార్జి చేస్తుంది కాబట్టి వాడిన బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా నిండదు. వాడనిది అతిగా చార్జి అయి నీరు ఆవిరవుతుంది. కొంతకాలానికి రెండూ పాడవుతాయి. తెల్లవారుజామున లోడుతో ఉన్న బండి స్టార్టు కాకపోవడానికి ఇదీ ఒక కారణం.

దీనికి సరైన పరిష్కారం 24 వోల్టులను 12కు తగ్గించే కన్వర్టర్‌. విడిగా యాంప్లిఫైయర్‌ లేని సెట్టుకు 10 ఆంపియర్లది సరిపోతుంది. అది వేడెక్కుతుంది కనుక గాలి ఆడేచోట లోహపు పలకకు బిగించాలి. బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు ఉండాలి. రెండు బ్యాటరీలు కనిపించినంత మాత్రాన 24 వోల్టులని నిర్ధారించుకోరాదు. పక్కపక్కగా కలిపితే 12 వోల్టులే వస్తాయి. మీటరుతో కొలిచి చూడటమే మేలు.

తీగల రంగులు

చాలా సెట్లలో పసుపు తీగ నిరంతర విద్యుత్తుకు, ఎరుపు తాళం తిప్పినపుడు వచ్చే విద్యుత్తుకు, నలుపు ఎర్తుకు. తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా జతలు స్పీకర్లవి. వీటిలో చార ఉన్నది నెగెటివ్‌. పాత బండ్లలో స్పీకరు ఒక కొసను బాడీకి కలిపి ఉంటే దానిని విప్పి, ప్రతి స్పీకరుకు రెండేసి తీగలు వేరుగా లాగాలి. లేకుంటే కొత్త సెట్టులోని యాంప్లిఫైయర్‌ దెబ్బతింటుంది. సీజను ముగిశాక బండి వారాల తరబడి నిలిచిపోతుంది కనుక కన్వర్టర్‌కు వెళ్లే తీగలో స్విచ్చి పెట్టుకోవడం మంచిది. స్విచ్చి తీస్తే సెట్టులో భద్రపరచిన స్టేషన్లు చెరిగిపోవచ్చు కానీ బ్యాటరీ నిలుస్తుంది.

డాష్‌బోర్డులో అమరిక

కొత్త సెట్టుకు సుమారు 18 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు ఖాళీ కావాలి. రెండు నాబ్‌ల పాత సెట్టు రంధ్రంలో అది పట్టదు. రేకు కోసే ముందు బ్యాటరీ తీగ విప్పి, వెనుక ఏ తీగలున్నాయో చూడాలి. కోసిన అంచులను ఆకురాయితో నునుపు చేయాలి. గతుకుల దారిలో సెట్టు ఊగకుండా వెనుక భాగాన్ని ఇనుప పట్టీతో బిగించాలి.

స్టేషను దొరకకపోతే

అన్నీ సరిగ్గా ఉన్నా ఆకాశవాణి నిజామాబాద్‌ కేంద్రం 103.2 మెగాహెర్ట్జ్‌పై నిలవకపోతే సెట్టు అమెరికా పద్ధతిలో ఉందేమో పరిశీలించాలి. ఆ పద్ధతిలో అంకె 103.1 నుంచి నేరుగా 103.3కు దూకుతుంది. మీడియం వేవ్‌లో హైదరాబాద్‌ 738 కిలోహెర్ట్జ్‌ కూడా సరిగ్గా తగలదు. అక్కడ అంకెలు పదేసి చొప్పున, మన దగ్గర తొమ్మిదేసి చొప్పున కదులుతాయి. మెనూలో ప్రాంతాన్ని ఆసియా లేదా యూరప్‌గా మారిస్తే చాలు. అప్పటికీ గరగర వినిపిస్తే యాంటెన్నా మొదట్లో తుప్పు గీకి బాడీతో గట్టిగా కలపాలి. కన్వర్టర్‌ను యాంటెన్నా తీగకు దూరంగా ఉంచాలి.