మూతి నుంచి మందు కూరే తుపాకీ: పాత నకలు కొనవచ్చా?

1959 నాటి మన ఆయుధ చట్టంలో 13వ సెక్షన్ తీసి చూస్తే అక్కడ పంట కాపలా ప్రస్తావన కనిపిస్తుంది. పంటను కాపాడుకునే అవసరం నిజంగా ఉందని తేలితే, మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్స్ ఇవ్వవచ్చని ఉంటుంది. అది చాలదని అధికారికి అనిపిస్తే వేరే నున్నని గొట్టం తుపాకీకి ఇచ్చే వెసులుబాటూ అక్కడే ఉంది. సైన్యాలు నూట యాభై ఏళ్ల కిందటే పక్కన పడేసిన యంత్రం చేను గట్టు మీద ఇంకా చట్టబద్ధంగా బతికి ఉందన్నమాట.

పల్నాడు జిల్లా నూజెండ్ల లాంటి మండలంలో ఇది పుస్తకాల్లోని మాట కాదు. గుట్టల వారన కంది, మిర్చి వేసినవాళ్లకు ఒక్క రాత్రి అడవిపందుల మంద దిగితే తెల్లారేసరికి చేను ఎలా ఉంటుందో తెలుసు. ఇంకోవైపు ఉద్యోగాలకని అమెరికా వెళ్లిన మనవాళ్లలో చరిత్ర మీద మక్కువ ఉన్నవారికి అక్కడి దుకాణాల్లో పాతకాలపు తుపాకుల నకళ్లు కనబడతాయి. ఒకరు కొంతకాలం వాడి అమ్మేసినవైతే ధర కూడా ఊరిస్తుంది. ఇద్దరిదీ ఒకటే ప్రశ్న: కొనవచ్చా? జవాబు కోసం ఆ యంత్రం జీవితకథ తెలుసుకోవాలి. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తేనే ఎక్కడ పాడవుతుందో తెలుస్తుంది.

ఒక చివర మూసిన గొట్టం

ఈ తుపాకీ గొట్టానికి తెరిచిన చివర ఒక్కటే, మూతి. వెనుక చివర ఇనుప బిరడాను మరలు తిప్పి బిగిస్తారు. పెట్లుప్పు, బొగ్గు, గంధకం కలిపిన మందును మూతిలోంచి పోసి, పైన సీసపు గుండు వేసి, కడ్డీతో అడుగుదాకా కూరతారు. బిరడా దగ్గర గొట్టం పక్కన సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. బయటి నిప్పు లోపలి మందును చేరే దారి అదే. మందు భగ్గున మండి వాయువుగా మారుతుంది. ఆ వాయువుకు పోవడానికి ఉన్నది మూతి వైపు దారే కాబట్టి గుండును తోసుకుంటూ బయటికి వస్తుంది.

గొట్టం శతాబ్దాల పాటు పెద్దగా మారలేదు. మారినదల్లా నిప్పు పుట్టించే పద్ధతి. మొదట వెలిగించిన వత్తిని ఆ రంధ్రం పక్కనున్న చిన్న గిన్నెలోని మందుకు తాకించేవారు. వాన పడితే వత్తి ఆరిపోయేది, చీకట్లో దాని నిప్పుకణిక శత్రువుకు కనిపించేది. తర్వాత చెకుముకి రాయి వచ్చింది. గుర్రం అని పిలిచే ఇనుప కొక్కెం పళ్లలో బిగించిన రాయి ఉక్కు పలకను గీరితే రవ్వలు రాలి మందు అంటుకునేది. 1807లో స్కాట్లండ్‌కు చెందిన మతబోధకుడు అలెగ్జాండర్ ఫోర్సైత్ దెబ్బ తగిలితే చాలు పేలే రసాయనాన్ని తుపాకీకి వాడే పద్ధతికి పేటెంట్ పొందాడు. ఆ ఆలోచనే ముదిరి, వేలికొస మీద నిలిచేంత చిన్న రాగి టోపీ అయింది. దాన్ని బోలు మేకు లాంటి నిపుల్ మీద తొడిగితే గుర్రం దెబ్బకు పేలి లోపలికి నిప్పు పంపుతుంది.

తెలుగు నేల మీద

పల్నాటి యుద్ధం పన్నెండో శతాబ్దం నాటిది. ఆ వీరుల చేతుల్లో తుపాకీ లేదు. శ్రీకృష్ణదేవరాయలు కొండవీడు గెలిచింది 1515లో. ఆ తర్వాత అయిదేళ్లకు, 1520 రాయచూరు ముట్టడిలో, క్రిస్తోవావ్ ద ఫిగరేదు వెంట వచ్చిన పోర్చుగీసు తుపాకీదారులు రాయల పక్షాన నిలిచారు. కోట గోడ మీద తల ఎత్తినవారిని వారు గురిచూసి కాల్చుతుంటే, కింద రాయల మనుషులు గోడ రాళ్లు పీకగలిగారని పోర్చుగీసు రచయిత నునిజ్ రాసి పెట్టాడు.

1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లిషువారు, ఫ్రెంచివారు తలపడేనాటికి చెకుముకి తుపాకీదే రాజ్యం. 1795లో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని మిషెల్ రేమండ్ హైదరాబాదులో ఫిరంగుల కార్ఖానా పెట్టాడు. గన్‌ఫౌండ్రీ ప్రాంతం పేరు దాని గుర్తే. మరో రెండేళ్లకు, ఈస్టిండియా కంపెనీ తన సిపాయిల కోసం చేయించుకుంటున్న నమూనాను బ్రిటిష్ సైన్యమే స్వీకరించింది. దాని పేరు ఇండియా ప్యాటర్న్. 39 అంగుళాల గొట్టం, ముప్పావు అంగుళం రంధ్రం. తర్ఫీదు పొందిన సిపాయి నిమిషానికి మూడుసార్లు కాల్చగలిగేవాడు, కానీ వంద గజాలు దాటితే గురి మీద నమ్మకం ఉండేది కాదు. గుండు రంధ్రం కన్నా సన్నగా ఉండి, గోడలకు తగులుతూ బయటపడటమే కారణం.

ఆ లోపం తీర్చడానికి గొట్టం లోపల మెలి గాళ్లు చెక్కారు. 1853 నాటి ఎన్‌ఫీల్డ్ తుపాకీ అలాంటిదే. 1857 తిరుగుబాటుకు నిప్పు రాజేసిన కొవ్వు తూటాలు దీనివే. 1866లో స్నైడర్ పద్ధతి వచ్చి ఆ ఎన్‌ఫీల్డులకే వెనుక తలుపు తెరిచింది. తూటా వెనుక నుంచి పెట్టడం మొదలయ్యాక మూతి నుంచి కూరే తుపాకీకి సైన్యంలో కొలువు ముగిసింది.

రెండో పుట్టుక

అమెరికాలో ఈ తుపాకీ మీద మమకారం చావలేదు. 1933లోనే అభిమానులు జాతీయ సంఘం పెట్టుకున్నారు. 1961 నుంచి 1965 దాకా అక్కడి అంతర్యుద్ధ శతజయంతి జరిగింది. పాత యుద్ధాలను మైదానాల్లో మళ్లీ ప్రదర్శించేవారికి తుపాకులు కావలసి వచ్చాయి. అసలువి దొరకడం కష్టం, దొరికినా కాల్చి పాడుచేయడానికి మనసొప్పదు. ఇటలీలో తరతరాలుగా గొట్టాలు చేసే గార్దోనె పట్టణంలోని ఉబెర్తి, పెదెర్సోలి లాంటి సంస్థలు నకళ్లు తయారుచేసి ఆ గిరాకీ తీర్చాయి. బర్మింగ్‌హామ్‌లో పార్కర్ హేల్ సంస్థ 1853 ఎన్‌ఫీల్డును మళ్లీ చేసింది. మన దేశంలోనూ ఇలాంటివి తయారై విదేశాలకు వెళ్తున్నాయి. ఒకనాడు ఇంగ్లండు నుంచి వచ్చిన ఇండియా ప్యాటర్న్‌కు ఇప్పుడు ఇండియాలో చేసిన నకలే దొరుకుతోంది.

చేతిలోకి తీసుకున్నాక

ఎంత నమ్మకస్తుడు చూపించినా మొదట తేల్చుకోవాల్సింది లోపల మందు ఉందా లేదా అన్నది. మూతిని మనుషుల నుంచి పక్కకు తిప్పి, కడ్డీని అడుగు తగిలేదాకా మెల్లగా దించాలి. మూతి అంచు దగ్గర కడ్డీ మీద వేలితో గుర్తు పట్టి, బయటికి తీసి, గొట్టం వెంబడి బయట ఆనించాలి. గుర్తును మూతికి సరిపెట్టినప్పుడు కడ్డీ కొస నిప్పు రంధ్రం దాకా వస్తే గొట్టం ఖాళీ. రెండు మూడు అంగుళాలు ముందే ఆగిపోతే లోపల మందు, గుండు ఉన్నాయనుకోవాలి. తేమ తగలని మందు దశాబ్దాలు గడిచినా చావదు. అలాంటిదాన్ని అక్కడే వదిలేసి తుపాకులు బాగుచేసే నిపుణుడికి అప్పగించాలి.

రెండోది గొట్టం లోపలి గోడ. తుపాకిమందు కాలాక దాని బరువులో సగానికి పైగా మసిగా, లవణాలుగా మిగులుతుంది. ఆ లవణాలు గాలిలోని తేమను పీల్చి ఇనుమును తింటాయి. అందుకే కాల్చిన రోజే వేడినీళ్లతో కడిగి, తుడిచి, నూనె పట్టించాలి. పాత యజమాని ఆ పని చేశాడో లేదో గొట్టమే చెబుతుంది. కడ్డీకి తెల్లగుడ్డ చుట్టి అడుగుదాకా నెట్టి తీస్తే, గుడ్డ మీద బూడిదరంగు జిడ్డు ఉంటే ఫరవాలేదు, ఎర్రటి పొడి రాలితే తుప్పు. సన్నని లైటు దించి చూస్తే గుంటలు తెలుస్తాయి. మూతి దగ్గర మెరిసి, బిరడా దగ్గర గుంటలు పడ్డ గొట్టాన్ని కొనకూడదు. ఒత్తిడి ఎక్కువగా పడేది అక్కడే.

మూడోది గుర్రం. సగం ఎత్తి ఆపితే అది ఆగాలి, ఆ స్థితిలో ట్రిగ్గర్ నొక్కినా పడకూడదు. పడితే దాన్ని భుజాన వేసుకుని నడవడమే ప్రమాదం. నిపుల్ అంచులు నలిగాయేమో, నిప్పు రంధ్రం అరిగి పెద్దదయిందేమో చూడాలి. ఇవి మార్చదగ్గవే. చెక్క పిడి సన్నబడే చోట, చెయ్యి పట్టే మెడ దగ్గర, పగులు ఉందేమో గోటితో నొక్కి చూడాలి. జిగురుతో అతికి పాలిష్ పట్టినవి అక్కడే బయటపడతాయి.

నాలుగోది ముద్ర. ఇటలీ గొట్టాల మీద ప్రభుత్వ పరీక్షాకేంద్రం ముద్ర ఉంటుంది. పీఎన్ అన్న అక్షరాలు అది పాత తరహా మందుకే పరీక్షించిన గొట్టమని చెబుతాయి. ఆధునిక పొగరాని మందు ఒత్తిడిని ఆ గొట్టం తట్టుకోలేదు, చిటికెడు పోసినా పగిలిపోవచ్చు. మన దేశం నుంచి వెళ్లే వాటిలో చాలావరకు నిప్పు రంధ్రం తొలవకుండానే వెళ్తాయి. కొన్నవాడో, అక్కడి వ్యాపారో తొలిపించుకుంటాడు. కాబట్టి ఎవరు తొలిచారు, ఆ తర్వాత గొట్టాన్ని ఒత్తిడి పరీక్షకు పెట్టారా, కాగితం ఉందా అని అడగాలి. కాగితం లేకపోతే అది గోడకు తగిలించుకునే వస్తువే.

నకలైనా తుపాకీయే

అమెరికా కేంద్ర చట్టం 1898, అంతకుముందు నాటి తుపాకులను, పాత పద్ధతిలో మందు కూరే నకళ్లను మామూలు తుపాకుల లెక్కలోంచి తప్పించింది. రాష్ట్రాల చట్టాలు వేరు, అవి చూసుకోవాలి. అక్కడున్న మన పిల్లవాడు పై నాలుగు పరీక్షలూ నెగ్గినదాన్ని నిశ్చింతగా కొనుక్కోవచ్చు. దాన్ని ఊరికి తేవాలనుకుంటే మాత్రం లైసెన్స్ లేకుండా మన దేశంలోకి ఏ తుపాకీనీ తేకూడదని ఆయుధ చట్టం 10వ సెక్షన్ చెబుతోంది.

నూజెండ్లలో ఉన్నవారికి లెక్క వేరు. 45వ సెక్షన్ పాతకాలపు, పురావస్తు విలువ గల ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది కానీ, రిపేరు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానివాటికే అది. నిన్న మొన్న తయారై, చక్కగా పేలే నకలుకు ఆ మినహాయింపు అందదు. లైసెన్స్ లేకుండా ఇంట్లో ఉంటే 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్ల నుంచి అయిదేళ్లు. లైసెన్స్ ఉన్న వ్యక్తి తన తుపాకీ అమ్మదలిస్తే ముందుగా మేజిస్ట్రేటుకో, పోలీసు స్టేషనుకో రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. కొనేవారికీ లైసెన్స్ ఉండాలి. సంతలో చేతులు మారే నాటు తుపాకీకి ఈ దారిలో చోటే లేదు. దాని గొట్టం ఏ పైపుదో, బిరడా ఎలా అతికారో ఎవరికీ తెలియదు. పగిలితే మొదట పోయేది పట్టుకున్నవాడి చెయ్యీ కన్నూ.

పంట కాపలాకు లైసెన్స్ కావాలంటే దరఖాస్తు నరసరావుపేటలోని జిల్లా యంత్రాంగానికి చేరాలి. లైసెన్స్ వచ్చినంత మాత్రాన పందిని చంపే అనుమతి వచ్చినట్టు కాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది అటవీ అధికారులు విడిగా ఇవ్వాల్సినది. ఎన్నికలొస్తే తుపాకీని స్టేషన్లో అప్పగించే ఆదేశమూ రావచ్చు. ఇవన్నీ తూచుకుంటే చాలామంది రైతులకు కంచె, కాపలా మంచె, లైట్లు నయమనిపిస్తాయి. నా అభిప్రాయమూ అదే.

చరిత్ర మీద ప్రేమతో కావాలనుకుంటే, గొట్టం పూడ్చేసి, నిప్పు రంధ్రం లేకుండా ఎప్పటికీ పేలనట్టు చేసిన ప్రదర్శన నమూనా కొనుక్కోండి. అది నిజంగా పేలదని రాతపూర్వకంగా తీసుకోండి. పేలేదే కావాలంటే వరస ఒకటే: ముందు లైసెన్స్, తర్వాత కడ్డీతో కొలత, ఆ తర్వాత తెల్లగుడ్డ, గుర్రం, ముద్ర. ధర మాట్లాడేది ఇవన్నీ తేలాకే.