తాకితేనే తెలిసే జబ్బులు

1929 డిసెంబరులో 'యంగ్ ఇండియా' పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. రాసినవాడు కాఠియావాడ్‌లోని ఒక దళిత ఉపాధ్యాయుడు. ప్రసవమైన కొద్ది రోజులకే ఆయన భార్యకు జబ్బు చేసింది. డాక్టరు వాడలోకి రానన్నాడు, బయటకు తెస్తే చూస్తానన్నాడు. బాలింతను, పసిబిడ్డను వాడ వెలుపలికి తెచ్చాక డాక్టరు తన థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన భర్తకిచ్చాడు, భర్త భార్యకు పెట్టాడు. అదే వరుసలో అది వెనక్కి వెళ్లింది. దీపపు వెలుగులో దాన్ని చూసి న్యుమోనియా అని చెప్పి డాక్టరు వెళ్లిపోయాడు. తర్వాత రెండు రూపాయల ఫీజు ఇచ్చినా మళ్లీ చూడటానికి రాలేదు. ఆమె చనిపోయింది. అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఈ ఉత్తరాన్ని పొందుపరిచారు.

క్యాన్సర్, గుండెజబ్బుల నివారణ గురించి మాట్లాడుతూ ఈ ఉదంతాన్ని గుర్తుచేయడానికి కారణముంది. ముందస్తు పరీక్ష అంటే ప్రధానంగా స్పర్శ. జబ్బ పట్టుకుని బీపీ పట్టీ చుట్టాలి. నోరు తెరిపించి, బుగ్గల లోపల వేలితో తడిమి చూడాలి. రొమ్ములో గడ్డ ఉందేమో చేత్తో నొక్కి చూడాలి. గర్భాశయ ముఖద్వారానికి ఎసిటిక్ ఆమ్లం పూసి తెల్లమచ్చ తేలుతుందేమో గమనించాలి. వీటిలో దేనికీ కోట్ల రూపాయల యంత్రం అక్కరలేదు. కావలసింది మనిషి చేయి. ఆ చేయి ఎవరి గడప వరకు వస్తుంది, ఎవరి గడప ముందు ఆగిపోతుంది అనే ప్రశ్నను మన ఆరోగ్య విధాన చర్చలు దాటవేస్తున్నాయి.

ఘన్‌శ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్ ప్రభృతులు 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాలను పరిశీలించి 2006లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, దాదాపు మూడోవంతు గ్రామాల్లో ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లకు వెళ్లడానికి నిరాకరించారు. ఆ లెక్కకు ఇరవయ్యేళ్లు కావస్తోంది, పరిస్థితి మారిందనేవారు ఉండవచ్చు. మారిందని నిరూపించే బాధ్యత మాత్రం ప్రభుత్వానిదే.

ముప్పై ఏళ్లు దాటిన ప్రతివారికీ బీపీ, షుగరు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ఊళ్లోనే చేయాలన్నది జాతీయ కార్యక్రమం. కాగితం మీద ఇంతకన్నా మంచి పథకం ఉండదు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30-49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు 1.9 శాతం. రొమ్ము పరీక్ష, నోటి పరీక్ష 0.9 శాతం చొప్పున. వందమందిలో ఒక్కరికైనా నోరు తెరిపించి చూడలేదన్నమాట.

నోటి క్యాన్సర్ విషయంలో తెలుగు నేలకు ప్రత్యేకమైన చరిత్ర ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో కూలీ, మత్స్యకార కుటుంబాల స్త్రీలు చుట్టను నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిలి మీద మచ్చలు, పుండ్లు, చివరికి క్యాన్సర్ వస్తాయి. తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడల్లా శ్రీకాకుళం వైపు పిల్లలు ఒకరిద్దరు 'మా నాయనమ్మ కాల్చేది సార్' అంటుంటారు. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పరిశోధకులు 1960ల చివరిలోనే శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి నోళ్లు పరీక్షించారు. పొగాకు మాన్పిస్తే మచ్చలు తగ్గుతాయని తర్వాతి పరిశీలనల్లో తేలింది. టార్చిలైటు వెలుగులో కంటికి కనిపించే జబ్బు అది. జ్ఞానం అరవై ఏళ్ల క్రితమే ఉంది. ఆ జ్ఞానం పరిశోధన పత్రాల్లోకి వెళ్లినంత వేగంగా ఆ తల్లుల పల్లెల్లోకి తిరిగి రాలేదు.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ వచ్చింది. దానివల్ల ప్రాణాలు దక్కిన కుటుంబాలను ఎరుగుదును కనుక తేలికగా మాట్లాడను. అయినా అది జబ్బు ముదిరాక తెరుచుకునే తలుపు. స్టెంటుకు డబ్బిస్తుంది, పదిహేనేళ్ల పాటు అణిగి ఉండవలసిన బీపీని పట్టించుకోదు. వామపక్ష మిత్రులు ఈ విమర్శ సరిగానే చేస్తారు. బీమా వద్దు, ప్రాథమిక వైద్యం కావాలంటారు. నాకున్న పేచీ ఆ తర్వాతి అడుగు దగ్గరే. నగరంలోని ఆపరేషన్ థియేటర్‌కు రోగి కులం తెలియనవసరం లేదు, కార్డు నంబరు చాలు. ఊళ్లోని సబ్‌సెంటర్‌కు ప్రతి ఇంటి కులమూ తెలుసు. అంటే, ప్రాథమిక వైద్యం ఉండేది కులం అత్యంత కచ్చితంగా పనిచేసే చోటనే. సబ్‌సెంటర్ ఊరి నడుమ ఉందా, వాడకు దగ్గరగా ఉందా, ఏఎన్‌ఎం ఎవరి ఇంట్లో మంచినీళ్లు తాగుతుంది అని అడగకుండా ప్రాథమిక వైద్యం కావాలనడం సగం డిమాండే.

మరో సంగతి. అణగారినవారి శరీరాలను వ్యవస్థ అసలు తాకనే లేదనడం నిజం కాదు. ప్రయోగానికి తాకింది. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికన్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10-14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేయించాయి. వారిలో ఎందరో హాస్టళ్లలో చదివే ఆదివాసీ పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో కార్యక్రమం నిలిచిపోయింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే. బాలికల మరణాలకు అది కారణం కాదని ప్రభుత్వ విచారణ చెప్పింది. కానీ అడగకుండా వేసిన సూది మిగిల్చిన అపనమ్మకం అటువంటి విచారణతో పోదు. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి దాదాపు లక్షన్నర మంది స్త్రీలతో జరిపిన అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. పదో తరగతి చదివిన ఆరోగ్య కార్యకర్తలు ఎసిటిక్ ఆమ్ల పరీక్ష చేస్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. గొప్ప ఫలితం. అయితే పోల్చి చూడటానికి సగం మందికి, అదే మురికివాడల స్త్రీలకు, ఏళ్ల తరబడి ఆ పరీక్ష చేయలేదు. పోలిక కోసం పక్కన పెట్టదగినవారు మనకు ఎప్పుడూ ఆ ఇళ్లలోనే దొరుకుతారు!

తెలంగాణలో 2024లో ఇంటింటి కుల సర్వే జరిగింది. రిజర్వేషన్ శాతాల మీద జరిగిన చర్చలో పదోవంతైనా ఆరోగ్యం మీద జరగలేదు. ముప్పై ఏళ్లు దాటినవారిలో ఎవరికి బీపీ చూశారు, ఎవరి నోరు పరీక్షించారు, ఎవరికి నెల నెలా మాత్రలు అందుతున్నాయి అన్న లెక్కను కులాల వారీగా, ఊరూ వాడా విడివిడిగా ప్రకటించాలి. విద్యార్థి సంఘాలు తమ తమ ఊళ్ల సబ్‌సెంటర్ల నుంచి ఈ వివరాలను సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. పది రూపాయల దరఖాస్తు చాలు. దానితో పాటు పరీక్షల వేళలు కూడా అడగండి. నాట్ల కాలంలో కూలికి వెళ్లే స్త్రీ తెల్లవారుజామున బయలుదేరి పొద్దుగూకాక ఇల్లు చేరుతుంది. పగటిపూట మాత్రమే తెరిచే సబ్‌సెంటర్‌లో ఆమె పేరు ఎదురుగా 'రాలేదు' అని రాసి ఉంటుంది.