అలిఫ్ నేర్పిన ఆపా

మదరసాలో చేరిన కొత్తలో ఒక మౌలానాగారు నన్ను పిలిచి, "నీ ఉస్తాదులెవరు?" అని అడిగారు. నాజిరా చెప్పిన హాఫిజ్ గారి పేరు వెంటనే చెప్పాను. అంతకుముందే నా వేలు పట్టుకుని అలిఫ్ చూపించిన తల్లి నాకు గుర్తుకే రాలేదు. ఇంటి వరండాలో పసిపిల్లలకు చెప్పే స్త్రీ కదా, ఆమెను ఉస్తాదుల్లో లెక్కించాలని నాకు తోచలేదు. ఆ పొరపాటు ఈనాటికీ నా మనసును కలచివేస్తూనే ఉంది.

కర్నూలు పాతబస్తీలో అందరం ఆమెను ఆపా అనేవాళ్లం. బిస్మిల్లా అయిన పిల్లలు అసర్ నమాజు తర్వాత కాయిదా చంకన పెట్టుకుని ఆమె ఇంటికి చేరేవారు. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు జరిపే ఆ వేడుక మన పెద్దల ఆచారమే తప్ప షరీఅత్ విధి కాదని కూడా ఆమే చెప్పేవారు. స్లేటు మీద పడవలా ఒక గీత గీసి, చింతగింజలు చేతికిచ్చేవారు. కింద ఒక గింజ పెడితే బే, పైన రెండు పెడితే తే, మూడు పెడితే సే. చీపురుపుల్లతో అక్షరం చూపిస్తూ జబర్, జేర్, పేష్ చదివించేవారు.

ఉర్దూ రాని దూదేకుల పిల్లలకు అంతా తెలుగులోనే చెప్పేవారు. "నాలుక కొన పైపళ్ల అంచుకు తగిలించు నాయనా" అంటూ తాను పలికి చూపేవారు. ఎవరినీ కొట్టి ఎరగరు. ఫీజు అడగలేదు. ఇచ్చినవారు ఇచ్చారు, లేనివారు దుఆ చేశారు.

ఆపా కూడా ఒక తల్లే. భర్త పోయాక పెద్దకొడుకు చదువు మాని సైకిల్ షాపులో పనికి కుదిరాడు. "ఊరి పిల్లలకు చదువు చెబుతుంది, సొంత కొడుకుకు ఖుర్ఆన్ రాదు" అని ఇరుగుపొరుగు అన్నారు. ఆ మాట ఆమె విన్నారు. జవాబివ్వలేదు. ఇషా తర్వాత గ్రీసు చేతులు కడుక్కుని వచ్చిన కొడుకును రోజూ పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఇరవయ్యో ఏట అతని ఖుర్ఆన్ పూర్తయింది.

ఆపాను తలచుకుంటే హజ్రత్ షిఫా బింతె అబ్దుల్లాహ్ (ర) గుర్తుకొస్తారు. అరబ్బుల్లో రాయడం వచ్చినవారే తక్కువైన ఆ కాలంలో హజ్రత్ హఫ్సా (ర)కు రాత నేర్పిన ఉపాధ్యాయిని ఆమె. ఆమె కుమారుడు సులైమాన్ ఒకరోజు ఫజర్ జమాఅత్‌కు రాలేదు. హజ్రత్ ఉమర్ (ర) ఆ దారిన వెళుతూ తల్లిని అడిగారు. రాత్రంతా నమాజు చేసి నిద్రపోయాడని ఆమె చెప్పారు. రాత్రంతా జాగారం చేయడం కంటే ఫజర్ జమాఅత్‌లో పాల్గొనడమే తనకు ఎక్కువ ఇష్టమని ఖలీఫా అన్నారు. ఊరికి గురువైనా, ఇంట్లో బిడ్డ గురించి అడిగితే తల్లే బదులు చెప్పుకోవాలి.

2009 అక్టోబరు వరదల్లో తుంగభద్ర నీళ్లు పాతబస్తీని ముంచెత్తాయి. ఆపా ఇంట్లోని కాయిదాలు, స్లేట్లు బురదపాలయ్యాయి. నేను చూడటానికి వెళ్లేసరికి తడిసిన పుటలను గౌరవంగా ఒకచోట చేర్చి, అదే వరండాలో నలుగురు పిల్లలకు నోటితోనే పాఠం చెబుతున్నారు. మదరసాలో ఆమె పేరు చెప్పని సంగతి ఆరోజు ఒప్పుకున్నాను. నవ్వి, "అల్లాహ్‌కు తెలుసు కదా బేటా!" అన్నారు.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఆమె అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. జనాజా నమాజు చదివించినది ఆ సైకిల్ షాపు కొడుకే.

మనిషి మరణంతో ఆచరణలు ఆగిపోయినా మూడింటి పుణ్యం ఆగదని దైవప్రవక్త (స) తెలిపారు: నిరంతర దానం, ప్రయోజనకరమైన విద్య, దుఆ చేసే ఉత్తమ సంతానం. విద్యనూ సంతానాన్నీ ఆపా వెనుక వదిలి వెళ్లారు.

సోదరులారా! మీ పిల్లలకు తొలి అక్షరం నేర్పుతున్న తల్లి మీ వీధిలోనూ ఉండవచ్చు. ఆమె శ్రమకు తగినది ఆమె అడగకముందే ఇవ్వండి. మీ ఉస్తాదుల పేర్లు చెప్పేటప్పుడు ఆమె పేరుతోనే మొదలుపెట్టండి. నేను ఇప్పుడు అలాగే చెబుతున్నాను.