ఢీకొనని బంగారం చేసిన చోద్యం

అలను రెండు దారుల్లో పంపే జంట చీలికల్లో, బహుశా ప్రపంచంలోకెల్లా చిన్నవాటిని ఎవరూ అద్దం మీద గీయలేదు. రెండు బంగారు పరమాణువుల కేంద్రకాలే ఆ చీలికలు. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో, బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో 3.8 కిలోమీటర్ల చుట్టుకొలత గల రిక్ అనే యంత్రం 2026 దాకా నడిచింది. బంగారు కేంద్రకాలను దాదాపు కాంతివేగంతో ఎదురెదురుగా పరుగెత్తించడం దాని పనిగా ఉండేది. ఢీకొన్నవాటికే పేరెక్కువ. అసలు తమాషా మాత్రం ఒకదాన్నొకటి తాకకుండా దాటిపోయినవాటిది.

ఆ వేగంలో కేంద్రకం చుట్టూ ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, దట్టంగా ముసురుకుంటాయి. ఒకదాని ఫోటాన్ రెండోదాని లోపలి గ్లూవాన్లనే కణాలతో తలపడితే రో మెసాన్ అనే కణం పుడుతుంది. ఫోటాన్ ఎటునుంచి వచ్చిందో తేల్చలేం. తేల్చలేనప్పుడు రెండు దారుల అలలూ కలిసి, ఒకదాన్నొకటి పెంచుకుంటూ తుంచుకుంటూ వ్యతికరణం జరగాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. సెకనును లక్ష కోట్లతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ లక్ష కోట్లతో భాగిస్తే అందులో నాలుగైదు ముక్కలే రో ఆయుష్షు. ఒక ఫెమ్టోమీటరు, అంటే మిల్లీమీటరులో లక్ష కోట్లో వంతు, సాగేసరికే అది ధన, రుణ పయాన్లనే రెండు కణాలుగా విడిపోతుంది. కేంద్రకాల మధ్య ఎడమేమో సుమారు 20 ఫెమ్టోమీటర్లు; రో అలలు కలుసుకునే వీలే లేదు! అయినా పయాన్లు వెళ్లిన దిశల్లో వ్యతికరణం ఆనవాళ్లు స్పష్టంగా కనిపించాయి. రో పోయినా దాని పయాన్ల అలలు క్వాంటమ్ బంధంలో ముడిపడే ఉన్నాయన్నమాట. ఒకే రకం కాని కణాల మధ్య ఇలాంటిది చూడడం ఇదే మొదటిసారని, రిక్‌లో ఈ ప్రయోగం చేసిన స్టార్ బృందం 2023లో ప్రకటించింది. ఒకవైపు బంగారానికి బదులు ప్రోటాన్‌ను పెడితే ఆ ఆనవాళ్లు లేవు. నాకు అన్నిటికన్నా నమ్మకం కలిగించినది ఈ సరిచూపే. ఈ పద్ధతితోనే బంగారు కేంద్రకం సైజునూ కొలిచారు. స్టార్‌లో పాలుపంచుకునే సంస్థల్లో మన తిరుపతి ఐసర్ కూడా ఒకటి.

అదే యంత్రంలో బంగారం నిజంగా ఢీకొన్నప్పుడు పుట్టిన వేడి సుమారు 4 లక్షల కోట్ల డిగ్రీలు. సూర్యుడి నడిబొడ్డు కన్నా దాదాపు రెండున్నర లక్షల రెట్లు.

వ్యతికరణాన్ని చూడడానికి పట్టిన ఓపికలో జెఫ్రీ టేలర్ ఘనుడు. 1909లో ఆయన సూది నీడను అతి మసక వెలుగులో ఫోటో తీశాడు. ఎక్స్‌పోజర్ సుమారు 2,000 గంటలు, దాదాపు మూడు నెలలు. వెలుగు అంత పలచబడినా వెలుగునీడల పట్టీలు చెదరలేదు.

బరువులో వియన్నా వాళ్లు ఘనులు. 2019లో దాదాపు 2,000 పరమాణువులున్న అణువుల చేత అలల్లా వ్యతికరణం చేయించారు. ఒక్కొక్కటీ హైడ్రోజన్ పరమాణువు కన్నా 25 వేల రెట్లు బరువు.

ఇక ఇంటిగుట్టు. ఎలక్ట్రాన్ కణమని 1897లో చూపిన జె.జె. థామ్సన్‌కు 1906లో నోబెల్ వచ్చింది. అది అలలాగా వంగుతుందని చూపిన కొడుకు జి.పి. థామ్సన్‌కు 1937లో, డేవిసన్ అనే శాస్త్రవేత్తతో కలిపి, నోబెల్ ఇచ్చారు. అప్పటికి తండ్రి బతికే ఉన్నాడు. రెండు బహుమతులూ సరైనవే.