'నేను' అను భావము శిశువునకెట్లు కలుగును?

కర్నూలు జిల్లా పడమటి మండలములగు కోసిగి, పెద్దకడుబూరు ప్రాంతములలో వర్షాధారపు పంటలు ముగియగానే అనేక కుటుంబములు పత్తి తీయుటకు, మిరపకాయలు కోయుటకు గుంటూరు వైపు వలసపోవుచుండును. కడప ప్రాంతమునుండి ఎందరో తల్లులు ఇంటిపనులకై కువైట్ వెళ్లుచున్నారు. అట్టి ఇండ్లలో పసిబిడ్డను తరచు అవ్వయో, జేజియో సాకును. తల్లి పంపు డబ్బుతో బిడ్డ కడుపు నిండును. అయితే తానెవరో, తన విలువ ఏమో ఆ బిడ్డ ఎవరివద్ద నేర్చుకొనును?

అప్పుడే పుట్టిన శిశువునకు 'నేను' అను స్పష్టమైన భావముండదు. ఆకలియైన ఏడ్చును, ఎవరో వచ్చి ఎత్తుకొందురు. 'ఉంగా' అనగా తల్లియు 'ఉంగా' అని బదులు పలుకును. ఇట్లు వేలసార్లు జరుగగా, పిలిచిన పలుకువారున్నారను నమ్మకము మాటలు రాకముందే నాటుకొనును. ఏడెనిమిది నెలల బిడ్డ క్రొత్తవారి చేతికి పోక ఏడ్చుట మొండితనము కాదు. తనవారిని గుర్తించి, వారితో అనుబంధము పెంచుకొన్న చిహ్నమది.

బ్రిటిష్ వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు వ్రాసిన నివేదికలో తల్లి ఆదరణ కొరవడిన పిల్లల స్థితిని వివరించెను. శిశువు తనను గూర్చియు, ఇతరులను గూర్చియు మనస్సులో ఒక నమూనాను నిర్మించుకొనునని ఆయన తరువాత ప్రతిపాదించెను. ఆదరణ పొందిన బిడ్డ తాను ప్రేమింపదగినదాననని తలచును; పొందని బిడ్డ ఆ విషయమున సందేహపడును.

1972లో అమెరికాకు చెందిన బ్యూలా ఆమ్‌స్టర్‌డాం పసిపిల్లల ముక్కుప్రక్క ఎర్రరంగు పూసి, వారిని అద్దము ముందుంచెను. రెండవ ఏడు నిండవచ్చు పిల్లలలో పెక్కురు అద్దమును గాక తమ ముక్కునే తడుముకొనిరి. తన రూపమును బిడ్డ అద్దములో గుర్తించును. ఆ రూపమునకు గల విలువను మాత్రము సాకువారి ముఖములలో చూచుకొనును.

సాకువారే లేకున్న ఏమగును? రుమేనియాలోని బుకారెస్టు అనాథాలయములకు చెందిన 136 మంది శిశువులను 2000 తరువాత శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. సగము మందిని పెంపుడు కుటుంబములకు అప్పగించిరి. రెండేండ్లలోపు కుటుంబము చేరిన పిల్లలలో భద్రమైన అనుబంధము ఎక్కువగా కానవచ్చెను.

ఇంతమాత్రమున వలసపోయిన తల్లిని నిందింపరాదు. మేరీ ఐన్స్‌వర్త్ 1950ల దశకములో ఉగాండా పల్లెలలో శిశువులను గమనించి, వారు తల్లితోపాటు ఇంటిలోని ఇతరులతోను అనుబంధము పెంచుకొందురని తెలిపెను. కావున నిలకడగా దగ్గరుండి పలుకు అవ్వ బిడ్డకు గట్టి ఆధారము. హాని కలిగించునది చేతులు మాటిమాటికి మారుట, బిడ్డ నిద్రించుచుండగా చెప్పకుండ వెళ్లిపోవుట.

బాల్యములో ఏర్పడిన నమూనా రాతిపై చెక్కినది కాదు; తరువాతి అనుభవములు దానిని మార్చగలవు. తరగతిలో మూలకూర్చుండి మాటాడని పిల్లవానిని, ఊరకే కొట్లాడు పిల్లను ఉపాధ్యాయుడు శిక్షించుటకు ముందు, ఇంటిలో ఎవరున్నారో కనుగొనవలెను. ప్రతిదినము పేరుపెట్టి పిలిచి, చెప్పిన మాట నిలుపుకొను ఒక్క పెద్దమనిషి దొరికినను, తాను లెక్కలోని మనిషినను నమ్మకము ఆ పిల్లలలో తిరిగి చిగురించును.