పాత దస్త్రాల్లో దళితుల భూమి

ఆంధ్ర ప్రాంతపు భూ వివాదాల్లో ‘చుక్కల భూములు’ అనే మాట తరచూ వినబడుతుంది. దశాబ్దాల క్రితం తయారైన రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో పట్టాదారు పేరు రాయవలసిన గడిలో పేరుకు బదులు వరుసగా చుక్కలు పెట్టి వదిలేసిన భూములవి. హక్కుదారు ఎవరో తేలలేదన్నది ఆ చుక్కల అర్థం. ఆ గడులను సరిదిద్దడానికి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది. గ్రామ దస్త్రంలో ఒక్క గడికి ఉన్న బలం అటువంటిది.

ఆ గడులు నింపిన కలం ఎవరి చేతిలో ఉండేదో తెలిసిందే. 1984లో రద్దయ్యేదాకా కరణీకం వంశపారంపర్యపు కొలువుగానే నడిచింది. లెక్కల కట్టలు చాలా ఊళ్లలో కరణం ఇంటి పెట్టెలోనే ఉండేవి. తన చెక్క ఏ నంబరులో ఉందో తెలుసుకోవాలంటే మాలపల్లె మనిషి ఆ ఇంటి అరుగు కింద నిలబడి అడగాలి, చెప్పింది నమ్మాలి. తరువాత ఆ కట్టలు మండల కార్యాలయాలకు చేరాయి. అరుగు పోయి కౌంటర్ వచ్చింది.

2008లో కేంద్రం భూ రికార్డుల ఆధునికీకరణ పథకం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి, తెలంగాణలో 2020లో ధరణి, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చాయి. ఇంట్లో కూర్చుని అడంగల్ చూసుకోగలగడం చిన్న మేలు కాదు. అయితే కంప్యూటర్‌లోకి ప్రధానంగా ఎక్కించింది ఈనాటి ఫలితాన్ని. ఆ ఫలితం ఎలా వచ్చిందో చెప్పే పాత పుటలు, కొట్టివేతలు, పక్కన రాసిన రిమార్కులు గోనెసంచుల్లోనే మిగిలిపోయాయి. ధరణిలోనైతే పహాణీలో తరతరాలుగా ఉన్న అనుభవదారు గడినే తీసివేశారు. పట్టా ఒకరి పేర, సాగు మరొకరి చేతిలో ఉన్న చోట, ఆ సాగు చేసేవాడు దళితుడో కౌలుదారో సాదాబైనామా మీద కొన్న పేదరైతో అయినప్పుడు, ఆ గడి తప్ప అతనికి వేరే సాక్ష్యం లేదు. సాఫ్ట్‌వేర్ సౌలభ్యం పేరిట ఒక రాజకీయ నిర్ణయం జరిగిపోయింది.

పాత పుటల్లో ఏముందని అడిగేవారికి ఒక్క ఉదాహరణ చాలు. మద్రాసు రాజధానిలో 1860ల నాటి ఇనాం విచారణలో గ్రామసేవ ఇనాములన్నింటినీ నమోదు చేశారు. వెట్టి, తలారి, నీరుగంటి పనులు చేసే కుటుంబాలకు ఆ సేవకు ప్రతిఫలంగా ఇచ్చిన భూములు అందులో ఉన్నాయి. వెట్టి మాల, మాదిగ కుటుంబాల మీద మోపిన చాకిరీ. ఆ భూమి చాకిరీకి దక్కిన కూలి. 1895 నాటి వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ఇటువంటి భూములను అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి వీల్లేదని చెప్పింది. 1956 చట్టంతో ఇనాములు రద్దై, రైత్వారీ పట్టాలు వచ్చాయి. అమ్మకూడని ఆ భూమిలో కొంత ఇవాళ వేరే ఇంటిపేర్ల కింద కనబడుతుంటే, అది ఎప్పుడు, ఏ కాగితంతో చేతులు మారింది? తేల్చాలంటే ఇనాం రిజిస్టర్, రీసెటిల్‌మెంట్ రిజిస్టర్, ఏటేటి అడంగళ్లు, నేటి 1-బి పక్కపక్కన పెట్టి చదవాలి. సామాన్యుడికి ఫోన్‌లో సులువుగా దొరికేది ఆ వరుసలో చివరిది మాత్రమే. ఆ చివరి కాగితమే కదా అతనికి వ్యతిరేకంగా మాట్లాడుతున్నది!

అసైన్డ్ భూముల కథా ఇంతే. 1977 చట్టం వాటి బదలాయింపును నిషేధించింది. 2023లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని సవరించి, ఇరవై ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకు పూర్తి హక్కులు ఇవ్వవచ్చన్నది. ఇరవై ఏళ్లు నిండాయో లేదో, తొలి లబ్ధిదారు ఎవరో చెప్పవలసింది నాటి అసైన్‌మెంట్ దస్త్రమే. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. కుట్ర కోణంలోనూ విచారణకు ప్రభుత్వం ఆదేశించింది. కారణం ఏదైనా, ఆ ఫైళ్ల ప్రతి పుట ముందే ప్రజల ఎదుట ఉండి ఉంటే ఆ మంటకు అంత విలువ ఉండేది కాదు.

ఒక అభ్యంతరం తరచూ వింటాను. పాత రికార్డుల్లో పేరు పక్కన కులం రాసి ఉంటుంది, దానిని ఆన్‌లైన్‌లో పెట్టడం అవమానం, చెరిపి పెడదాం అని. సదుద్దేశంతో అనేవారూ ఉన్నారు. నేను అంగీకరించను. ఆ మాట అక్కడ రాసింది చిన్నచూపుతోనే కావచ్చు. కానీ ఆ భూమి ఒకప్పుడు మాదిగ చేతిలో ఉండేదని కోర్టు ముందు నిలబెట్టేదీ ఆ మాటే. బతికున్నవారి ఆధార్, ఫోన్ నంబర్లు దాచాలి. పూర్వీకుల ఉనికిని కాదు. దళారులు ముందే వాడుకుంటారన్నది మరో భయం. దళారి చేతికి ఆ నకలు ఎన్నడో చేరింది. చేరనిది భూమి పోగొట్టుకున్నవాడికే.

కాబట్టి అడగవలసింది పుట మొత్తం. కొట్టివేతలు, మార్జిన్ రాతలతో సహా ప్రతి పేజీ ఫొటో, ఊరి పేరుతో, ఫసలీ వరుసలో, ఆధార్ అడగకుండా ఎవరికైనా కనబడాలి. తెలంగాణలోని ఉర్దూ సేత్వార్లకు తెలుగు పాఠం మూలం పక్కన ఉండాలి, మూలం స్థానంలో కాదు. అక్కడినుంచి దింపుకున్న ప్రతి కోర్టులో చెల్లాలి. తార్నాకలోని ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలపు కాగితాలు భద్రంగా ఉన్నాయి, నావంటి వారు పరిచయపత్రం పట్టుకుని వెళ్లి చూడగలం కూడా. ఊరి మాదిగవాడకు తన ఊరి అడంగల్ ఆమాత్రమైనా అందడం లేదు.

తెరమీద పెట్టినంతనే అందినట్టూ కాదు. ఉపాధి హామీ సామాజిక తనిఖీలో మస్టర్ రోల్‌ను గ్రామసభలో బిగ్గరగా చదివి, పని చేసినవారి ఎదుటే సరిచూసే పద్ధతి మన రాష్ట్రాల్లో ఉంది. ఇనాం రిజిస్టర్‌నూ అలాగే వాడలోకి తెచ్చి చదవవచ్చు. చరిత్ర, న్యాయశాస్త్ర విద్యార్థులు కలిసి ఒక సెలవుల కాలంలో ఒక ఊరి దస్త్రాన్ని మొదలుపెట్టగలరు. మా విభాగంలో అందుకు సిద్ధంగా ఉన్నవాళ్లున్నారు. వాళ్లకు ప్రస్తుతం కావలసింది రికార్డు గదిలోకి ప్రవేశం, పాత ఉర్దూ రాత చదవగల ఒక మనిషి.