గొర్రె రక్తంలో దొరికిన గుట్టు

జనగామ పల్లెల్లో గొర్రెల మందలకు కొదవ లేదు. లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఎలా ముదురుతుందో చెప్పే కథలో మొదటి పాత్ర కూడా గొర్రెదే!

1983లో కెనడాలో రోజ్ జాన్‌స్టోన్ బృందం గొర్రెల లేత ఎర్ర రక్తకణాలను పరిశీలిస్తోంది. అవి ఎదిగేటప్పుడు అక్కర్లేని ప్రోటీన్లను బుల్లి బుడగల్లో నింపి బయటికి తోసేస్తున్నాయి. ఆ బుడగలే ఎక్సోసోమ్‌లు. ఒక్కోటి 30 నుంచి 150 నానోమీటర్లు. చెత్తే కదా అని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 2007లో స్వీడన్ పరిశోధకులు వాటిలో ఆర్‌ఎన్‌ఏ ఉందనీ, అది వేరే కణంలోకి వెళ్లి పనిచేస్తుందనీ చూపించారు.

మరి లుకేమియాలో?

రక్తకణాలు పుట్టేది ఎముక మజ్జలో. అక్కడి సహాయక కణాలు ఒక రసాయన సంకేతంతో మూలకణాలను తమ దగ్గరే పట్టి ఉంచుతాయి. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా కణాలు వదిలే ఎక్సోసోమ్‌లు ఈ సహాయక కణాల్లోకి దూరి ఆ సంకేతాన్ని తగ్గించేస్తాయని ప్రయోగాల్లో తేలింది. మంచి రక్తం తయారీ కుంటుపడుతుంది. జాగా రోగకణాలకు దక్కుతుంది. దొంగే ఇంటి తాళాలు మార్చేసినట్టు! ఈ ఎక్సోసోమ్‌లు అంతటితో ఆగవు. టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్‌ను మోసుకెళ్లి, క్యాన్సర్‌ను చంపాల్సిన ఎన్‌కే కణాలను నీరసపరుస్తాయి.

మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లే లుకేమియా పిల్లలకు వాడే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. దాని వెనుక భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బృందం కృషి ఉంది. లుకేమియా నిర్ధారణకు ఇప్పటికీ సాధారణంగా తుంటి ఎముకలోంచి మజ్జ తీస్తారు. చేతి రక్తంలోని ఎక్సోసోమ్‌లతోనే జబ్బు జాడ పట్టవచ్చా అన్నదానిపై పరిశోధనలు సాగుతున్నాయి.